విత్తనపు ఋణం

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అని తెలుగువారిలో ఒక సామెత ఉన్నది. దూరాన ఉన్నదానికి విలువ కట్టి, చేతికి అందేదానిని చులకన చేసే మానవ స్వభావాన్ని పెద్దలు ఈ నాలుగు మాటలలో ఇమిడ్చారు. మనుషుల విషయంలో ఎంత నిజమో, పెరటిలోని కూరపాదుల విషయంలోనూ ఈ సామెత అంత నిజం. మారిషస్ దీవిలో చెరకు తోటల నడుమ వెలసిన పల్లెలలో, పాతకాలపు ఇంటి వెనుక, వంటగది గోడను ఆనుకొని ఒక చిన్న పందిరి కనిపిస్తుంది. దానిమీద ఒక బీరతీగ, ఒక పొట్లతీగ. పక్కన రెండు వంగమొక్కలు, ఒక మునగచెట్టు. చూసేవారికి ఇందులో వింత ఏమీ తోచదు. కాని ఆ తీగలలో కొన్నిటి గింజ ఏ అంగడిలోనూ దొరకదు. అది ఒక అత్త చేతినుండి కోడలి చేతికి, ఆ కోడలి చేతినుండి మరొక కోడలి చేతికి వచ్చిన గింజ. దానిని కాపాడుతున్నది సాధారణంగా ఆ ఇంటిలో అందరికన్నా వయసు మళ్ళిన స్త్రీ. ఆమె తరువాత ఎవరు?

ఆ గింజ ఆమెతోనే అంతరించిపోతే దోషమేమైనా ఉన్నదా? ఉంటే అది ఎవరిపట్ల చేసిన దోషం? చూపుకు ఈ ప్రశ్న చిన్నది. ఒక్క కూరగాయ పోయినంత మాత్రాన ఏ కుటుంబమూ పస్తుండదు. అయినా ఈ చిన్న ప్రశ్నలో ధర్మానికి సంబంధించిన పెద్ద ప్రశ్నలు దాగి ఉన్నాయి. మనిషి ఎవరికి ఋణపడి ఉంటాడు? తనది అని దేనిని అనగలడు? అందుకొన్నదానిని మార్చవచ్చునా? దాచుకొనడం మేలా, పంచిపెట్టడం మేలా?

ఒక ఇంటిలో ఇటువంటి సంభాషణ జరిగినట్లు ఊహించుకోవచ్చు. పోర్ట్ లూయిస్‌లో ఉద్యోగం చేసే మనుమడు సెలవునాడు ఇంటికి వచ్చి, పందిరి కింద ముసలామె పడుతున్న శ్రమ చూసి, "నాయనమ్మా, బజారులో మంచి విత్తనం పొట్లాల్లో దొరుకుతున్నది గదా. ఇంతకంటె ముందే కాస్తుంది, ఎక్కువ కాస్తుంది. ఈ పాత తీగకోసం ఎందుకింత అవస్థ?" అంటాడు. ఆమె తల ఎత్తకుండానే, "కాయ నీది నాయనా, కోసుకొని తిను. గింజ మాత్రం నీది కాదు, నాదీ కాదు" అంటుంది. మనుమడు నవ్వి ఊరుకొంటాడు. కాని ఆమె మాట నవ్వి ఊరుకోదగినది కాదు. కాయ ఒకరిది, గింజ మరొకరిది ఎట్లా అవుతుంది? గింజ ఆమెది కాకపోతే ఎవరిది?

వైదిక సంప్రదాయం మనిషిని పుట్టుకతోనే ఋణగ్రస్తుడంటుంది. దేవతల ఋణం, ఋషుల ఋణం, పితరుల ఋణం అని మూడింటిని చెబుతుంది. ఈ ఋణాలు తీరే విధానం గమనింపదగినది. షావుకారు వద్ద తెచ్చిన అప్పును షావుకారుకే తీర్చాలి. ఋషుల ఋణం మాత్రం వారు అందించిన విద్యను అభ్యసించడం వల్ల తీరుతుంది; అభ్యసించినవాడు మరొకరికి చెప్పినప్పుడే ఆ విద్య నిలుస్తుంది. పితృఋణం సంతానాన్ని కని పెంచడం వల్ల తీరుతుంది. అనగా ఈ అప్పు వెనుకటివారి వద్ద తీసుకొని ముందటివారికి చెల్లించవలసినది. ఇచ్చినవారు తిరిగి పుచ్చుకొనడానికి లేరు. పుచ్చుకోవలసినవారు ఇంకా అడగడానికి పుట్టలేదు. నడుమ నిలిచినవాని మనస్సాక్షి తప్ప ఈ అప్పుకు పత్రమూ లేదు, సాక్షీ లేడు. నాయనమ్మ మాటలోని మర్మం ఇదే. కాయ ఈ ఏటి కష్టానికి ఫలం, దానిని కష్టపడినవారు తినవచ్చు. గింజ మాత్రం నిన్నటివారికీ రేపటివారికీ నడుమ ఆమె చేతిలో కొంతకాలం ఆగిన సొమ్ము.

ఆ నిన్నటివారు ఎవరో తెలియనివారు కారు. 1834 నవంబరు 2వ తేదీన అట్లాస్ అనే ఓడ 36 మంది కూలీలతో పోర్ట్ లూయిస్ రేవు చేరినది మొదలు 1920 ప్రాంతం వరకు సుమారు అయిదు లక్షల మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా ఆ దీవికి వచ్చారు. కోరంగి, విశాఖపట్నం వంటి రేవులనుండి బయలుదేరిన తెలుగువారు వారిలో ఒక భాగం. కోరంగి రేవు పేరు మీదుగానే అక్కడ తెలుగువారిని కోరంగివారు అని పిలిచేవారు. వారు మెట్లెక్కిన వలసదారుల రేవును నేడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. నాటి రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. వాటిలో కూలీ పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, వయసు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు వ్రాసి ఉన్నాయి. కొంగుముడిలో ఏమున్నదో మాత్రం ఏ గుమాస్తా వ్రాయలేదు. అందువల్ల ఏ గింజ ఏ ఓడలో వచ్చినదో చెప్పగల కాగితం లేదు. కాని కాగితం చెప్పనిదానిని వంటగది కొంతవరకు చెబుతుంది.

మారిషస్‌లో అన్ని జాతులవారూ మాట్లాడే క్రియోల్ భాషలో బీరకాయను పిపాంగాయ్ అంటారు. దక్షిణ భారతదేశపు పేరు, ముఖ్యంగా దాని తమిళ రూపం, ఎందరి నోళ్ళలోనో నలిగి ఈ ఆకారం పొందింది. పొట్లకాయను పతోల్ అంటారు. సంస్కృతంలోని పటోల శబ్దం అందులో ఇప్పటికీ వినబడుతుంది. మునగాకును బ్రెడ్ మురుమ్ అంటారు. బ్రెడ్ అంటే ఆకుకూర, మురుమ్ అంటే మునగ. బజారులో ఈ కూరలను బేరమాడే ఆఫ్రికా సంతతి స్త్రీగాని, చైనా సంతతి వర్తకుడుగాని వీటిని పరాయి మాటలని అనుకోడు. మనుషులు తమ భాషను మరచిపోతున్న కాలంలోనే కూరగాయలు తమ పేర్లను ఊరందరి చేత పలికించుకొన్నాయి. ఒక కూలీ కుటుంబం ఒక గింజను నాటి, కాయను పొరుగింటికి పంపి, గింజను కూడా పంపి ఉండకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పూర్వికుల గింజ అనగానే అది స్వచ్ఛమైన తెలుగు గింజ అన్న అభిమానం పొడసూపుతుంది. తెలుగువారి వంటను విప్పి చూస్తే ఈ అభిమానం నిలవదు. మిరపకాయ అమెరికా ఖండాలకు చెందినది. పోర్చుగీసువారు 1498లో భారత తీరం చేరిన తరువాతనే అది ఈ దేశానికి వచ్చింది. టమాటా కూడా ఆ ఖండాలదే. చింత ఆఫ్రికా ఉష్ణప్రాంతాల చెట్టు. సొరకాయ, అలసంద మొదట ఆఫ్రికాలో పుట్టినవి. ఆంధ్రుల గోంగూరకు సైతం ఆఫ్రికానే పుట్టిల్లని శాస్త్రజ్ఞులలో చాలామంది అభిప్రాయం. కంది ఒక్కటి భారతదేశంలో పుట్టి ఆఫ్రికాకు, అటునుండి లోకానికి వెళ్ళింది. మిరపకాయ, చింతపండు పరాయివని తీసివేస్తే తెలుగు పులుసులో నీరు, ఉప్పు మిగులుతాయి. కాబట్టి గింజను తనది చేసేది దాని జన్మస్థలం కాదు. దానిని ఎన్ని తరాలు పోషించారు, దానిచేత ఎందరి ఆకలి తీర్చారు, దానికి ఏ పేరు పెట్టి పిలిచారు అన్నదే దానిని ఒక జాతిది చేస్తుంది. దేవకి కన్న బిడ్డకు యశోద తల్లి అయినది పోషణ వల్లనే. సముద్రం దాటి వచ్చి మరొక నేలను తమదిగా చేసుకొన్నవారి సంతతికి ఈ సత్యాన్ని వేరే బోధించనక్కరలేదు.

మరి అందుకొన్న గింజ మారకూడదా? మారక తప్పదు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలలో జ్యేష్ఠ పున్నమికి ఏరువాక సాగేది, తొలకరికి నాగలి కదిలేది. మారిషస్‌లో ఆ జూన్ నెల శీతకాలం. వానలు, వేడి, గాలివానలు అక్కడ డిసెంబరు మొదలుకొని ఏప్రిల్ వరకు. పంచాంగం ఏరువాక అన్నరోజున అక్కడ బీరగింజ నాటితే చలికి ఎదుగుదల ఉండదు. కనుక మొదటితరంవారు పంచాంగాన్ని పూజకు ఉంచుకొని, నాటే కాలాన్ని కొత్త ఆకాశం చూసి మరల నేర్చుకొన్నారు. గింజ కూడా వారితోపాటు నేర్చుకొన్నది. చలికి, గాలికి, ఎర్రమట్టికి, రాతినేలకు ఓర్చుకోలేని మొక్కలు గింజ ఇవ్వకుండానే పోయాయి. ఓర్చుకొన్నవాటి గింజ మరుసటి ఏటికి మిగిలింది. వందేండ్లు ఇట్లా జరిగిన తరువాత ఆ బీర తాతలనాటి బీర అవునా, కాదా అని అడిగితే రెండు సమాధానాలూ నిజమే. తాత మాట, తాత నడక మనుమడిలో ఉంటాయి. మనుమడు మాత్రం తాత కాడు. మార్పు లేకుండా ఉంచడం విశ్వాసపాత్రత కాదు. తెగిపోకుండా ఉంచడమే విశ్వాసపాత్రత.

అయితే తెగకుండా ఉంచడం ఊరక జరిగే పని కాదు. బీరతీగలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. అవి సాయంకాలం విచ్చుకొంటాయి. పురుగులు పుప్పొడిని మోసుకొని ఎక్కడినుండి ఎక్కడికైనా పోతాయి. సమీపంలో చేదుబీర ఉంటే దాని పుప్పొడి సోకిన కాయ ఈ ఏడు తియ్యగానే ఉంటుంది, దాని గింజకు పుట్టిన మొక్క మాత్రం వచ్చే ఏడు చేదు కాస్తుంది. అందుకే తెలిసిన ఇల్లాలు కూర వండేముందు ప్రతి బీరకాయ ముక్కను నాలుకమీద వేసుకొని చూస్తుంది. చేదు కాసిన తీగ గింజను దాచదు. జాతి చెడకుండా ఉండాలంటే విచ్చుకోబోయే మగమొగ్గను, ఆడమొగ్గను ముందే దారంతో కట్టి ఉంచి, సాయంత్రం తన చేతితో పుప్పొడి అంటించి, మరల కట్టి, ఆ పిందె తొడిమకు గుర్తుగా ఒక నూలుపోగు చుట్టాలి. ఆ కాయను కోయకూడదు. తీగమీదనే పండి, ఎండి, గోధుమరంగుకు తిరిగి, ఊపితే లోపల గింజలు గలగలమనేదాకా ఆగాలి. అప్పుడు పీచునుండి నల్లని గింజలు దులిపి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి, గాలి చొరని సీసాలో ఉంచాలి. ఇట్లా ఉంచిన బీర, సొర గింజలు నాలుగైదేండ్లు మొలకెత్తుతాయి. ఉల్లిగింజ అంతకాలం ఆగదు, ఒకటి రెండేండ్లకే సత్తువ కోల్పోతుంది. సీసాలో పెట్టి మరచిపోయినవాడు కాపాడినవాడు కాడు. గింజకు గడువు ఉన్నది; ఆ గడువులోగా ఎవరో ఒకరు వంగి మట్టి తవ్వాలి.

ఈ పనిలో అందరికంటె కష్టమైన నియమం మరొకటి ఉన్నది. విత్తనానికి విడిచే కాయ తీగమీది మంచి కాయలలో ఒకటి కావాలి. మనిషి సహజంగా చేసేది దీనికి విరుద్ధం. లేతగా, నిడుపుగా ఉన్న కాయలన్నీ కోసి తిని, చివరకు వంకరపోయిన గిడసకాయను విత్తనానికి వదులుతాడు. అట్లా పదేండ్లు చేస్తే తీగ జాతి అంతా గిడసబారుతుంది. తరువాత, "పాత విత్తనం మంచిది కాదు" అని నింద దానిమీద వేస్తాడు. మిగిలినదానిని దానం చేసేవాడికీ, మంచిదానిని తీసి పెట్టేవాడికీ మధ్య ఉన్న తేడా పందిరి కింద పదేండ్లలో కంటికి కనిపిస్తుంది.

ఇంత శ్రమను ధర్మమని అందరిమీదా మోపవచ్చునా? మనుమని వాదంలోనూ న్యాయం ఉన్నది. దానిని తోసిపుచ్చడం సత్యం కాదు. సంకర విత్తనాలు అధికంగా కాస్తాయి; చాలాసార్లు తెగుళ్ళను తట్టుకొంటాయి; కాయలన్నీ ఒకే పరిమాణంలో వచ్చి బజారులో ధర పలుకుతాయి. అర ఆర్పాం నేలమీద కూరలు పండించి పిల్లలను చదివించే రైతు ఆ విత్తనం కొంటే అతనిని తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు. ఆ విత్తనంలో ఒక లోపం మాత్రం ఉన్నది. రెండు వేరు జాతులను కలిపి పుట్టించిన మొదటితరపు గింజ గనుక, దాని కాయనుండి తీసిన గింజ తల్లివలె కాయదు, సంతానం చెదరిపోతుంది. ప్రతి ఏడూ మరల కొనవలసిందే. ఆ విత్తనం తిండిని ఇస్తుంది, వారసత్వాన్ని ఇవ్వదు. రైతుకు కావలసినది తిండి, దానిని అతడు ఎన్నుకొంటాడు. కనుక వారసత్వపు భారం ఎవరిమీద పడాలి? కాయ తప్పినా కుటుంబం కుంగిపోనివారిమీద. ఇంటి పెరడే ఆ స్థానం. జీతం మీద బ్రతికేవాడికి నాలుగు బీరకాయలు తక్కువైతే వచ్చే నష్టం ఏమీ లేదు. శక్తి ఉన్నవాడికే ధర్మం బరువు ఎక్కువ అన్న పెద్దల తీర్పు ఇక్కడ చక్కగా వర్తిస్తుంది. మనుమడు తనకు అవసరం లేదన్నది ఏ కారణం చేతనో, సరిగా ఆ కారణం చేతనే ఆ పని అతనికి తగినది.

ఆకలికీ గింజకూ నడుమ ఇంతకంటె కఠినమైన పరీక్షలు చరిత్రలో జరిగాయి. 1876–78 నడుమ మద్రాసు రాజధానిని పీడించిన కరువును తెలుగువారు ధాత కరువు అన్నారు. అటువంటి కాలాలలో రైతు ఇంటిలో చివరకు మిగిలేది విత్తనాల కుండ. బిడ్డ ఏడుస్తున్నప్పుడు ఆ కుండ మూత తీసినవానిని ఏ శాస్త్రమూ నిందించదు. విత్తనాలను తిన్న రైతుకు మరుసటి ఏడు పొలమున్నా పంట లేదు; కూలికి, వలసకు పోవలసివచ్చేది. ఓడ ఎక్కినవారిలో అటువంటివారు ఉండరని అనుకొనడానికి ఆధారం లేదు. దీనికి ఎదురుగా మరొక దృశ్యం ఉన్నది. 1941 సెప్టెంబరునుండి 1944 జనవరి వరకు లెనిన్‌గ్రాడ్ నగరాన్ని జర్మను సైన్యం ముట్టడించినప్పుడు, అక్కడి వృక్షశాస్త్ర సంస్థలో లోకమంతటినుండి సేకరించిన ధాన్యాలు, పప్పులు, దుంపలు నిలువ ఉన్నాయి. వాటిని కాపాడిన శాస్త్రజ్ఞులలో పలువురు ఆ గింజల నడుమనే ఆకలితో మరణించారు, గింజలను తినలేదు. ఆ సేకరణకు ప్రాణం పోసిన నికోలాయ్ వావిలోవ్ అప్పటికే ప్రభుత్వ ఖైదులో ఉండి, 1943 జనవరిలో సరాతోవ్ చెరసాలలో తిండి లేక కన్నుమూశాడు. కుండ మూత తీసిన తండ్రి ధర్మం తప్పలేదు. మూత తీయని శాస్త్రజ్ఞుడు ధర్మాన్ని మించినవాడు. మొదటివానిని క్షమించాలని, రెండవవానికి నమస్కరించాలని అనిపిస్తుంది గాని, ఇద్దరిలో ఎవరినీ మరొకరికి కొలబద్దగా పెట్టడం న్యాయం కాదు. అయితే ఈ రెంటిలో ఏ పరీక్షా ఎదురుకానివాడు, కడుపునిండా తింటూ, ఉదాసీనత వల్ల మాత్రమే గింజను పోగొట్టుకొంటే, అతడు చెప్పుకొనడానికి ఏ కారణం మిగులుతుంది?

"గింజలను కాపాడడానికి ఇప్పుడు పెద్ద సంస్థలు ఉన్నవి గదా" అని ఎవరైనా అనవచ్చు. ఉన్నవి. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరువులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ సంస్థ కంది, శనగ, జొన్న, సజ్జ, వేరుశనగ రకాలను భద్రపరుస్తున్నది. ఉత్తర ధ్రువానికి చేరువగా స్వాల్‌బార్డ్ దీవులలో కొండను తొలిచి 2008లో తెరచిన విత్తన భాండాగారంలో గింజలు సున్నకు 18 డిగ్రీలు దిగువన నిద్రిస్తున్నాయి. ఇవి లోకానికి చేస్తున్న మేలు గొప్పది. కాని నిద్రిస్తున్న గింజకు గాలివాన తెలియదు, కొత్త తెగులు తెలియదు, ఏ కాయను ఏ పప్పుతో వండాలో తెలియదు. భాండాగారం గింజను నిలిపి ఉంచుతుంది. పెరడు గింజను నడిపిస్తుంది. జహీరాబాదు ప్రాంతంలో దళిత మహిళల సంఘాలు దశాబ్దాలుగా చేసి చూపినది ఇదే. తమ చిరుధాన్యాల గింజలను అవసరమైనవారికి ఇచ్చి, పంట చేతికి వచ్చిన తరువాత కొంత ఎక్కువ కలిపి తిరిగి పుచ్చుకొని, మరొకరికి ఇచ్చారు. భారతదేశం 2001లో చేసిన చట్టం కూడా రైతు తన గింజను దాచుకొనే, నాటుకొనే, ఇచ్చిపుచ్చుకొనే హక్కును గుర్తించింది.

చివరి ప్రశ్న మిగిలింది. దాచుకొనడమా, పంచడమా? కొన్ని ఇండ్లలో మంచి గింజ ఉన్నదంటే అది ఇంటి గుట్టు. ఆ ఇంటి వంకాయ రుచి ఊరిలో మరే ఇంటా ఉండకూడదన్న చిన్న గర్వం. కూర పంపుతారు, గింజ పంపరు. ఈ గర్వం ఎంత పెళుసైనదో గాలివాన చెబుతుంది. 1960 ఫిబ్రవరిలో కరోల్ అనే పెనుతుఫాను మారిషస్‌ను ముంచెత్తి, వేలాది ఇండ్లను నేలమట్టం చేసింది. 1975 ఫిబ్రవరిలో జెర్వేజ్ మరల అంత పనీ చేసింది. ఇల్లు పోయినచోట పందిరి నిలుస్తుందా? అటక ఎగిరిపోయినచోట అటకమీది సీసా మిగులుతుందా? ఒకే ఇంటిలో ఉన్న గింజ ఒకే రాత్రిలో పోతుంది. నాలుగు ఊళ్ళలో నలుగురికి ఇచ్చిన గింజ ఎక్కడో ఒకచోట మిగులుతుంది. ఇచ్చినవాడు వెళ్ళి, "మీకు ఇచ్చిన గింజలో నాలుగు గింజలు నాకు ఇవ్వండి" అని అడగవచ్చు. పుచ్చుకొన్నవారు బీహారు సంతతివారు కావచ్చు, క్రియోలులు కావచ్చు, మహమ్మదీయులు కావచ్చు. గాలివాన తరువాత ఆ తేడా ఎవరికీ గుర్తుండదు. ధనం పంచితే తరుగుతుంది, విద్య పంచితే పెరుగుతుంది అంటారు. గింజ ఈ విషయంలో విద్య జాతికి చెందినది. ఇంకొక మాటలో, ఇచ్చినదే మిగులుతుంది, దాచినది పోతుంది.

అయితే వట్టి గింజను ఇవ్వడం సగం ఇవ్వడమే. దాని పేరు, నాటే నెల, విత్తనానికి ఎట్టి కాయను విడవాలి, కూర ఎట్లా వండాలి అన్న నాలుగు మాటలు కూడా అందించాలి. వండడం తెలియని ఇంటిలో ఏ కూరగాయా రెండేండ్లు నిలవదు. పెద్దలు బ్రతికి ఉండగానే ఈ నాలుగు మాటలను అడిగి, తెలుగులోగాని, క్రియోల్‌లోగాని, పిల్లలకు వచ్చిన ఏ భాషలోగాని వ్రాసి పెట్టడం ఒక సాయంకాలపు పని. ఆ సాయంకాలం గడిచిపోతే మరల రాదు.

తెలుగువారి పెండ్లిలో అంకురార్పణ అనే ఒక చిన్న విధి ఉన్నది. పాలికలలో మన్ను నింపి, నవధాన్యాలు చల్లి, నీరు పోస్తారు. పెండ్లి సందడిలో ఆ పాలికలను ఎవరూ అంతగా చూడరు. ఎందుకు చల్లుతారని పిల్లలు అడిగితే పెద్దలు వంశాభివృద్ధి కోసమని చెప్పి ఊరుకొంటారు. కాని కొత్త దంపతుల చేత చేయించే ఆ పనిలో పితృఋణం తీరే దారి అంతా ఉన్నది. ఎవరో దాచిన గింజను చేతిలోనికి తీసుకొనడం, మట్టికి ఇవ్వడం, నీరు పోయడం, తరువాత దానిని తమవద్దనే ఉంచుకోక వదలివేయడం. ఇంతకంటె సూటిగా గృహస్థధర్మాన్ని ఏ ఉపన్యాసమూ చెప్పలేదు.

"గింజ నీది కాదు, నాదీ కాదు" అన్న నాయనమ్మ మాటకు ఇప్పుడు అర్థం తేటపడుతుంది. ఆమె ఆ తీగను కాపాడుతున్నది పాతదాని మీద వ్యామోహం చేత కాదు, కొత్తదాని మీద ద్వేషం చేతా కాదు. రిజిస్టరులో పేరు, ఎత్తు, ఒంటిమీది మచ్చ తప్ప మరేమీ మిగలని ఒక స్త్రీ ఏనాడో కొంగున ముడివేసినదానిని, ఇంకా పేరు కూడా పెట్టని ఒక బిడ్డ చేతికి అందించడానికి ఆమె నడుమ నిలిచి ఉన్నది. మనుమడు తరువాతి సెలవుకు వచ్చినప్పుడు పందిరిమీద ఒక కాయకు నూలుపోగు చుట్టి ఉండడం చూస్తాడు. దానిని కోయవద్దని అతనికి ఎవరూ చెప్పనక్కరలేకపోతే, ఆ ఇంటిలో ఋణం సగం తీరినట్లే. ఎండిన ఆ కాయను అతడు తన చేతులతో దులిపి, గింజలలో సగం పొరుగింటికి పంపిననాడు, మిగిలిన సగమూ తీరుతుంది.